రెండో చూపు

ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, ఇంకా వేడి పోని గుడ్డ సంచి మీద అతను అరచేత్తో నెమ్మదిగా నిమిరాడు. ముడత ఎక్కడా తగల్లేదు. ముడత మిగిలితే దాని వెంట సిరా పాకి, అక్షరం కాళ్లు బారజాపుకుంటుంది. లావుపాటి నల్ల కలం మూత తీసి, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, నిన్న తట్టిన మాటను ముందువైపు రాశాడు. ‘కాస్త జరుగు, నేనూ చదువుతా.’ వెనకవైపు ఎప్పటిలాగే ఖాళీగా వదిలేశాడు. రెండువైపులా రాస్తే ఏ మాట పనిచేసిందో తెలియదు.

సిరా ఆరేదాకా సంచిని కిటికీ కమ్మీకి తగిలించి, రొట్టెముక్క టీలో ముంచుకుంటూ నిలబడే తిన్నాడు. కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంది. అందులో కూర్చుంటే మెట్ల మలుపు కనిపిస్తుంది. ఆరేళ్లుగా అందులో ఎవరూ కూర్చోలేదు. దుమ్ము తుడవడం మాత్రం మానలేదు.

అతని పని ఏమిటో చెబితే ఎవరికీ ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. రచయితల పేరు మీద కప్పులూ, సంచులూ, చొక్కాలూ, పుస్తకంలో పెట్టుకునే అట్టముక్కలూ తయారుచేసే చిన్న అచ్చు దుకాణం ఒకటుంది. వాటి మీద వేసే మాటలు అతను రాస్తాడు. చదివినవాళ్లు ఆ సంచి తగిలించుకుని తిరగాలి. చదవనివాళ్లు దాన్ని చూసి ఆ పుస్తకం కోసం వెతుక్కోవాలి. మొదటిది పెద్ద విషయం కాదు, అభిమానులు ఏది రాసినా కొంటారు. అతనికి జీతం రెండోదానికి. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. కప్పు మీద ‘చల్లారితే చల్లారనీ, ఇంకో పేజీ ఉంది’ అన్నది అతనిదే. అట్టముక్క మీద ‘ఇక్కడిదాకా వచ్చాను, నువ్వూ రా’ అన్నదీ అతనిదే. పేరు మాత్రం దేనిమీదా ఉండదు. ఉంటే మాట చెడిపోతుంది.

బయల్దేరబోతుంటే అక్క ఫోన్ చేసింది. తిన్నావా, మందులు తెచ్చుకున్నావా, అన్నీ అయ్యాక ఇవాళ సంచి మీద ఏం రాశావని అడిగింది. చదివి వినిపించాడు. అక్క నవ్వింది.

“నీ మాటలు ఊరందరి భుజాలెక్కి తిరుగుతాయి గానీ, నీ నోట్లోంచి పీకితే తప్ప ఒక్కటీ రాదు కదరా.”

ఆ సాయంత్రం నాలుగు గంటలకి తను వెళ్లాల్సిన చోటు గురించి చెబుదామనుకున్నాడు. నోటిదాకా వచ్చింది. “బస్సొచ్చే వేళయిందక్కా” అని పెట్టేశాడు.

తెల్లవారినప్పటి నుంచీ ఎడమ చెయ్యి బరువుగా ఉంది. ఇస్త్రీ చేయడం వల్ల కాబోలు అనుకున్నాడు. ఇస్త్రీ చేసింది కుడిచేత్తో అని అతనికి తట్టలేదు.

బస్సులో వెనక తలుపు దగ్గరి కడ్డీ అతని స్థలం. అక్కడ నిలబడి, రాత బయటికి కనిపించేలా సంచిని తిప్పుకుని, చూపు ఎటో పెట్టి, కంటి కొసతో జనాన్ని గమనిస్తాడు. మొదటి చూపుకి అతని లెక్కలో విలువ లేదు. అక్షరాలు ఎదురుగా ఉంటే కన్ను దానంతటదే చదివేస్తుంది. అసలు సంగతి ఆ తర్వాత. చదివిన మనిషి చూపు తిప్పుకుంటాడు, కిటికీలోంచి బయటికి చూస్తాడు, ఫోన్ తీస్తాడు. ఆ కాసేపట్లో మాట లోపల ఎక్కడో తగిలి ఉంటే మెడ మళ్లీ తిరుగుతుంది. అలా తిరిగిన ప్రతిసారీ అతని బొటనవేలు పక్కవేళ్ల మీద ఒక కణుపు జరుగుతుంది. నాలుగు వేళ్లకి పన్నెండు కణుపులు. మంచి మాటైతే దుకాణం చేరేలోపు పన్నెండూ తిరిగొచ్చేవి.

ఆ రెండో చూపు పక్కటెముకల దగ్గర గోరువెచ్చగా తాకేది. అది తనకోసం కాదని అతనికి తెలుసు. సంచికోసం, సంచి మీది మాటకోసం, ఆ మాట వెనక నిలబడ్డ ఎవరో రచయిత కోసం. పక్కింటివాళ్లకొచ్చిన ఉత్తరం విప్పి చదువుకున్నట్టు కొంచెం సిగ్గుగా ఉండేది. అయినా ఆ వెచ్చదనం అతనికి కావాలి. అతని ముఖాన్ని ఎవరైనా రెండోసారి చూసి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తు లేదు.

ఇవాళ మూడు కణుపులు తిరిగాయి. ఒకాయన సంచి చదివి నిజంగానే పక్కకి జరిగాడు. అది లెక్కలోకి రాదు.

దుకాణంలో అచ్చు ఫ్రేముల మీద రంగులు పూసే ఫ్రేములాయన అతన్ని చూడగానే చేతిలో పని ఆపాడు. అతనికి ‘రెండోచూపు’ అని పేరు పెట్టింది ఆయనే.

“ఏం రెండోచూపు గారూ, ఇవాళ ఎన్ని మెడలు తిరిగాయి?”

“మూడు.”

“మూడేనా? నేను చొక్కా లేకుండా బస్సెక్కినా పదిమంది చూస్తారు కదండీ.”

“మొదటిసారే. రెండోసారి చూడరు” అన్నాడతను, సంచిని మేకుకి తగిలిస్తూ.

ఫ్రేములాయన రంగు బకెట్ పక్కన కూలబడి నవ్వాడు. లోపలి గదిలోంచి యజమాని తల బయటపెట్టి, నాలుగు గంటల సంగతి మరిచిపోవద్దనీ, ఆవిడ ఎవర్నీ కొరికి తినదనీ, ముఖం అలా పెట్టుకుని వెళ్తే మాత్రం అనుమానపడుతుందనీ అన్నాడు. ఆవిడంటే ఈ కొత్త సంచి ఎవరికోసమో ఆ రచయిత్రి. పద్నాలుగు నవలలు రాసింది, చాలా ఏళ్ల విరామం తర్వాత పదిహేనోది రేపు అచ్చుకి వెళ్తోంది. అతను ఆవిడ పుస్తకాలకి పన్నెండేళ్లుగా మాటలు రాస్తున్నాడు గానీ ఒక్కసారీ కలవలేదు. నిన్న ఆవిడే కబురు పెట్టింది. ఆరేళ్ల కిందటి సంచి మీద ఆ మాట రాసిన మనిషిని పంపించమని.

ఆ కబురు వినగానే దొరికిపోయాననుకున్నాడు.

ఆరేళ్లుగా మోస్తున్న తప్పు అది. అప్పట్లో అమ్మ ఉండేది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, మెట్ల మలుపులో అతని చెప్పుల చప్పుడు వినగానే లేచేది. అతను గుమ్మం చేరేలోపే తలుపు తెరుచుకునేది. ముప్ఫై ఏళ్లపాటు అతను ఆ తలుపు తట్టిన సందర్భం లేదు. ఆమె పోయాక, అక్క వాళ్ల ఊరు వెళ్లిపోయాక, మొదటిసారి పనినుంచి తిరిగొచ్చి మెట్లెక్కాడు. తలుపు మూసే ఉంది. తాళంచెవి ఏ జేబులో ఉందో వెతుక్కుంటూ నిలబడి ఉండగా రెండు చిన్న వాక్యాలు వచ్చాయి. ‘ఎవరూ ఎదురు రాలేదు. అయినా వచ్చేశాను.’

ఏడవలేదు. ఇది ఎక్కడ చదివానా అని ఆలోచించాడు. తన బాధకి అంత పొందికైన మాట తనకే తట్టి ఉంటుందని అతనికి తోచనే లేదు. అలాంటివి పుస్తకాల్లో ఉంటాయి. రేవులో టికెట్లు చింపే ఆడమనిషి కథ ఒకటుంది, రచయిత్రి మూడో నవల. అందులోదే అయి ఉంటుందని తీర్మానించుకున్నాక ఒక రకంగా హాయిగా కూడా అనిపించింది. తనకు జరిగింది ఇంతకుముందే ఇంకెవరికో జరిగింది, ఆవిడ దాన్ని రాసిపెట్టింది. ఆ ధైర్యంతోనే తాళం తీశాడు.

ఆ వారమే ఆవిడ సంచులకి మాట కావాల్సివచ్చింది. అతను ఆ రెండు వాక్యాలూ ఇచ్చాడు. పుస్తకంలోంచి తీసిన మాట కాబట్టి కింద రచయిత్రి పేరు వేయించాడు. ఆ సంచి అమ్ముడుపోయినట్టు దుకాణంలో ఇంకేదీ అమ్ముడుపోలేదు. నెల తిరక్కుండా పుస్తకాల షాపాయన ఫోన్ చేసి, రోజూ ఎవరో ఒకరు వచ్చి అడుగుతున్నారు, ఆ మాట ఏ నవలలోది అన్నాడు. మూడోది అని తడుముకోకుండా చెప్పాడు. ఇంటికెళ్లి ఊరికే ఒకసారి చూసుకుందామని మూడో నవల తీశాడు. లేదు. నాలుగోది తీశాడు. అయిదు వారాల్లో పద్నాలుగూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాడు. ఎక్కడా లేదు.

అప్పుడు తెలిసింది, అది ఎవరిదో. సంతోషించాల్సిందేమో. అతనికి మాత్రం దొంగతనం తిరగబడినట్టనిపించింది. తన సొమ్ము తీసుకెళ్లి పరాయి ఇంట్లో పెట్టి, ఆ ఇంటామె పేరు రాసి వచ్చాడు. ఇప్పుడు లోకమంతా ఆవిడ తలుపు తట్టి అడుగుతోంది. యజమానికి చెబుదామనుకున్నాడు. ఇవాళ, రేపు అంటూ ఆరేళ్లు గడిచాయి. ఏటా ఆ సంచి మళ్లీ అచ్చయింది.

మధ్యాహ్నమంతా ఒక కాగితం మీద, ఆవిడకి చెప్పాల్సింది రాసుకుంటూ కొట్టేస్తూ కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లుగా ఆరు మాటల్లో లోకాన్ని పిలిచిన మనిషికి, ఒక్క క్షమాపణ పేజీ దాటినా కుదర్లేదు. మూడున్నరకి దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మేకు మీంచి సంచి తీసుకుని బయల్దేరాడు. ఫ్రేములాయన ఈసారి వేళాకోళం ఆడలేదు. రంగు చేతిని గాల్లో కాస్త ఎత్తాడు, అంతే.

ఆవిడ ఉండేది మూడో అంతస్తు. లిఫ్టు మీద ‘పనిచేయదు’ అన్న కాగితం పాతబడి పసుపు తిరిగింది. మొదటి మలుపులో ఒకసారి, రెండో అంతస్తు దాటాక ఒకసారి ఆగాడు. సంచిని కుడిభుజానికి మార్చుకున్నాడు. గోడకి ఆనుకుని ఊపిరి కూడదీసుకున్నాక మిగిలిన మెట్లెక్కాడు. చెయ్యెత్తి తట్టబోతుండగానే తలుపు తెరుచుకుంది.

“రెండుసార్లు ఆగారు” అంది రచయిత్రి. “చెప్పుల చప్పుడు వింటున్నాను. రారేమో, దిగి వెళ్లిపోతారేమో అనుకున్నాను.”

ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయాడు. పొట్టి మనిషి, భుజాలు వంగాయి, కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. తలుపు రెక్క పట్టుకుని, వచ్చే మనిషి కోసమే నిలబడ్డ భంగిమ. ఆ భంగిమ అతను ఆరేళ్లుగా చూడలేదు.

లోపల కుర్చీల మీద పుస్తకాలూ, పుస్తకాల మీద కాగితాలూ ఉన్నాయి. గోడ వారగా నాలుగు అట్టపెట్టెలు. అతను నిలబడే జేబులోంచి కాగితం తీసి విప్పాడు.

“అమ్మా, ఆ మాట మీ పుస్తకాల్లో లేదు. తెలిసి చేసింది కాదు...”

“కూర్చోండి ముందు. ఈ మోకాళ్లతో నేను నిలబడి వినలేను.” ఒక కుర్చీ మీది కాగితాల కట్ట తన ఒళ్లోకి మార్చుకుంది. “లేదని నాకు తెలుసండీ. మొదట్లో తెలియలేదు. ఉత్తరాలు రావడం మొదలయ్యాక నాదేననుకున్నాను.”

“మీదనా?”

“నా రాతలాగే ఉందిగా. ఎక్కడ రాశానో మాత్రం గుర్తు రాలేదు. అయిపోయింది, నాకు మతి పోతోంది అని భయమేసింది. ఎవరికీ చెప్పుకోలేక, పద్నాలుగూ ముందేసుకుని వెతికాను.”

“నేనూ వెతికానమ్మా” అన్నాడతను నెమ్మదిగా.

ఇద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. ముందు ఆవిడ పెదవి కదిలింది.

“మీకెన్నాళ్లు పట్టింది?”

“అయిదు వారాలు.”

“నాకు మూడు నెలలు. నా పుస్తకాలు ఇంత నిదానంగా నడుస్తాయని అప్పుడే తెలిసింది.”

ఆవిడ నవ్వు దగ్గులోకి తిరిగి, మళ్లీ నవ్వులోకి వచ్చింది. అతని చేతిలోని కాగితం ఎప్పుడు మడతపడిందో అతను చూసుకోలేదు.

అట్టపెట్టెల్లో ఉన్నవన్నీ ఆ మాట కోసం వచ్చిన ఉత్తరాలేనట. ఆవిడ పైనున్నది ఒకటి తీసి చదివింది. కళ్లద్దాల దుకాణంలో పనిచేసే ఒకతను రాశాడు. బస్టాపులో ఎవరిదో సంచి చూశాడట. అంతకుముందు జీవితంలో నవల ముట్టుకోలేదట. ‘పద్నాలుగూ అయ్యాయండి, మాట దొరకలేదు. నేనే ఎక్కడో కునుకు తీసి దాటేసి ఉంటాను. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి తొందరపడను.’

అతను ఆ నాలుగు పెట్టెల వైపు చూశాడు. బొటనవేలు ఒక కణుపు మీద ఆగిపోయింది. ఇన్ని లెక్కపెట్టడానికి వేళ్లు చాలవు. బస్సులో మెడ తిరిగాక ఆ మనుషులు ఎటు వెళ్తారో ఇరవై రెండేళ్లలో అతనికెప్పుడూ తెలియలేదు. వాళ్లు ఇక్కడికి వచ్చారన్నమాట.

రచయిత్రి ఒళ్లోని కట్టలోంచి ఒక కాగితం లాగి అతని చేతికిచ్చింది. కొత్త నవల ప్రూఫు. రెండువందల పన్నెండో పేజీ. తెల్లారి రేవుకి చేరిన కాపలావాడొకడు, ఖాళీ ఒడ్డు చూసి తనలో తను అనుకుంటాడు. ఎవరూ ఎదురు రాలేదు. అయినా వచ్చేశాను.

అతను చదివాడు. కిటికీ వైపు చూశాడు. మళ్లీ చదివాడు. గుడ్డ నేత మీద కాదు, తన మొద్దు కలంతో కాదు. సన్నటి పుస్తకం అక్షరాల్లో, పైన ఒక వాక్యం, కింద ఒక వాక్యం, మధ్యలో తన మెట్లూ తన తాళంచెవీ.

“అడిగినవాళ్లకి ఎక్కడో ఒకచోట చూపించాలి కదా, అందుకని పెట్టాను” అంది ఆవిడ. “కానీ అది మీది. మిమ్మల్ని అడక్కుండా ఉంచలేను. ఉంచమంటే ఉంచుతాను, మొదటి పేజీలో మీ పేరు వేయిస్తాను. వద్దంటే తీసేస్తాను. రేపే అచ్చు.”

పేరు. అక్క ఆ పేజీ తీసి ఇరుగుపొరుగుకి చూపించడం కనిపించింది. ఫ్రేములాయన చెయ్యి తుడుచుకుని మరీ పుస్తకం పట్టుకోవడం కనిపించింది. అతని గుండె నిజంగానే గట్టిగా కొట్టుకుంది. ఆ వెనకే కళ్లద్దాల దుకాణం మనిషి కూడా కనిపించాడు. రెండువందల పన్నెండో పేజీలో వేలు పెట్టి, అమ్మయ్య దొరికిందనుకుని, పుస్తకం మూసి, అల్మరాలో పెట్టేశాడు.

“తీసెయ్యండమ్మా.”

“అదేంటండీ?”

“దొరికితే ఆగిపోతారు.”

ఆవిడ చాలాసేపు అతన్ని చూసింది. ఒకసారి చూపు దించుకుని, మళ్లీ చూసింది. చివరికి ఎర్ర పెన్సిల్ అతని వైపు జరిపింది. “అయితే మీరే కొట్టెయ్యండి. నా వల్ల కాదు.”

కొట్టేశాడు. ఎడమ చేత్తో కాగితం అదిమిపట్టుకోవడం కష్టమై, మోచెయ్యి ఆనించి, రెండు వాక్యాల మీదా ఒకే గీత గీశాడు. అంచున తీసేయమనే సున్నా చుట్టాడు. పని బాగా తెలిసినవాడి గీత, ఎక్కడా వణకలేదు.

ఆవిడ సంచి అందుకుని ‘కాస్త జరుగు, నేనూ చదువుతా’ చదివి నవ్వింది. బావుంది గానీ దీన్నెవరూ వెతుక్కుంటూ రారంది. సంచిని తిప్పి ఖాళీవైపు పైకి పెట్టి, బల్ల మీది కలం తీసుకుంది. నలిగిన గుడ్డ మీద సిరా అక్కడక్కడా పాకుతున్నా లెక్కచేయకుండా, పద్నాలుగు నవలలు రాసిన చేత్తో అతని మాట రాసింది.

“కింద ఎవరి పేరు రాయమంటారు?”

అతను ఆలోచించాడు. “వద్దులెండి. ఖాళీగా ఉండనివ్వండి.”

ఆవిడ తలుపు దగ్గరే నిలబడింది. అతని చెప్పుల చప్పుడు కింది వీధిలో కలిసిపోయేదాకా తలుపు పడిన చప్పుడు వినిపించలేదు.

తిరుగు బస్సులో సీటు దొరికింది. ఎప్పుడూ కూర్చోని మనిషి ఇవాళ కూర్చున్నాడు. సంచిని ఒళ్లో పెట్టుకుని ఆవిడ రాతవైపు బయటికి తిప్పాడు. ఎదురుగా మెడలో తాళాల గుత్తి వేసుకున్న ఒకావిడ, ఏ ఆఫీసు గదులకో తాళాలు వేసి వస్తున్నట్టుంది, చదివింది. చూపు తిప్పుకుంది. రెండు స్టాపులు గడిచాయి. మళ్లీ చదివింది. అంతటితో ఆగలేదు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, చూపు సంచి మీంచి లేచి అతని ముఖం మీదికి వచ్చింది.

“ఇది ఏ పుస్తకంలోదండీ?”

“వెతకాలమ్మా” అన్నాడు. “పద్నాలుగున్నాయి. ఇంకోటి వస్తోంది.”

ఎవరివని అడిగింది. రచయిత్రి పేరు చెప్పాడు. ఆవిడ ఆ పేరు పెదాల మీద ఒకసారి పలికి చూసుకుని, దిగేముందు మరోసారి సంచి వంక చూసి దిగిపోయింది. అతని బొటనవేలు చూపుడువేలి మొదటి కణుపు మీదికి జరిగింది.

చివరి స్టాపులో అందరూ దిగారు. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. తల కిటికీకి ఆనించి ఉంది, కళ్లు సగం మూసి ఉన్నాయి, బొటనవేలు ఆ కణుపు మీదే ఉంది.

మర్నాడు అక్క వచ్చింది. ఆస్పత్రిలో చేతి గడియారం, కళ్లద్దాలు, తాళంచెవి, మడతలుపడ్డ ఒక కాగితం ఇచ్చారు. తీసుకెళ్లింది. సంచి ఒకటి ఉండి ఉంటుందని ఆమెకి తట్టలేదు.

అది సీటు కిందికి జారిపోయింది. బస్సు ఊడ్చే ఆమెకి దొరికితే, మరిచిపోయిన వస్తువుల గదికి చేర్చారు. గొడుగులూ, ఒంటి చెప్పులూ, ఎవరిదో చిన్నపిల్లల కోటూ ఉండే గది. అక్కడి గుమస్తా, గుడ్డ సంచి ఒకటి, లోపల ఏమీ లేదు అని రాసుకుని, దాన్ని తలుపుకి ఎదురుగా ఉన్న మేకుకి తగిలించింది. గది తాళం వేయబోతూ ఆగి, తలుపు మళ్లీ తీసి, ఇంకోసారి చదివింది. అప్పటికి అక్షరాల సిరా నేత వెంట ఇంకొంచెం పాకి ఉంది. మేకు మీద సంచి, రాతవైపు తలుపుకేసి తిరిగి, కాస్త ఊగి ఆగింది.